బూజుకీ జబ్బు చేస్తుంది

పిల్లలూ,

వైరస్ అనగానే మనకి జలుబూ జ్వరమూ గుర్తొస్తాయి. పశువులకీ మొక్కలకీ, చివరికి బాక్టీరియాకీ వైరస్‌లు పడతాయని మీలో కొందరు చదివే ఉంటారు. బూజులకీ పుట్టగొడుగులకీ పట్టేవాటి గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. పెంపకంలో ఉన్న పుట్టగొడుగులు వంకరపోయి చచ్చిపోతుంటే, వాటిలో వైరస్ కణాలున్నాయని 1962లో కనిపెట్టారు. ఈ శాస్త్రానికి మొదలు అదే.

జలుబు వైరస్ ఒక తుమ్ముతో బయటపడి ఇంకొకరిని పట్టుకుంటుంది. బూజులూ పుట్టగొడుగులూ ఉండే జాతిని శిలీంధ్రాలంటారు. ఆ శిలీంధ్రాల వైరస్‌లలో చాలావాటికి ఆ విద్య రాదు. అవి కణం దాటి బయటికి రానే రావు. మరి వ్యాపించేదెలా? శిలీంధ్రమంటే మట్టిలోనో చెక్కలోనో అల్లుకుపోయే సన్నని పోగులే కదా. రెండు శిలీంధ్రాల పోగులు ఎదురుపడి అతుక్కుంటే లోపలి పదార్థం కలిసిపోతుంది, వైరస్ అటు వెళ్లిపోతుంది. లేదా శిలీంధ్రానికి విత్తనాల్లాంటి సిద్ధబీజాల్లో దాక్కుని తర్వాతి తరానికి చేరుతుంది. కానీ ఏ పోగు పడితే ఆ పోగుతో కలవదు. రక్తం ఎక్కించేముందు గ్రూపు చూసినట్టు, ఇక్కడా జన్యువుల పొత్తు కుదరాలి. కుదరకపోతే అతుక్కున్నచోట కణాలు చచ్చిపోయి దారి మూసుకుపోతుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కొన్ని అడవుల తలరాత దీనిమీదే తేలింది. 1904లో న్యూయార్క్‌లో చెస్ట్‌నట్ చెట్ల బెరడుకి ఒక శిలీంధ్రం పట్టినట్టు గుర్తించారు. ఆసియా నుంచి వచ్చిన ఆ తెగులుకి అమెరికాలో కొన్ని దశాబ్దాల్లోనే వందల కోట్ల చెట్లు పోయాయి. 1938లో అది ఇటలీలోనూ బయటపడింది. అక్కడా అంతే అనుకున్నారు. అయితే 1950ల్లో బిరాగి అనే శాస్త్రవేత్త ఇటలీలో కొన్ని చెట్ల పుళ్లు వాటంతటవే మానుతున్నాయని గమనించాడు. ఫ్రాన్స్‌లో గ్రాంట్ అనే ఆయన ఆ పుళ్లలోని శిలీంధ్రాన్ని తీసి పరీక్షిస్తే, అది నీరసపడి ఉంది. పైగా దానితో కలిసిన మామూలు శిలీంధ్రం కూడా నీరసపడేది. కారణం వైరస్ అని 1970ల్లో తేలింది. చెట్టుకి జబ్బు తెచ్చినదానికే జబ్బు చేసిందన్నమాట!

ఆ నీరసపు శిలీంధ్రాన్ని పుళ్ల చుట్టూ పూసి యూరప్‌లో చాలా తోటల్ని కాపాడారు. అమెరికాలో అదే చేస్తే పెద్దగా ఫలించలేదు. అక్కడి శిలీంధ్రంలో ఒకదానితో ఒకటి పొత్తు కుదరని రకాలు మరీ ఎక్కువ. వైరస్ ఒక చెట్టు దగ్గరే చిక్కుకుపోయేది. మందు ఉన్నా అందని పరిస్థితి.

అన్ని వైరస్‌లూ నీరసమే తేవు. చాలావాటివల్ల శిలీంధ్రానికి ఏమీ కాదు. పిండిని పులియబెట్టే ఈస్ట్ కూడా శిలీంధ్రమే; దానిలో కొన్ని రకాలైతే లోపలి వైరస్ పుణ్యమాని పక్క ఈస్ట్‌లను చంపే విషం తయారుచేస్తాయి.

నాకు మరీ ఇష్టమైనది ఎల్లోస్టోన్ గడ్డి కథ. అమెరికాలో వేడినీటి ఊటలుండే ఆ చోట, కాలే నేలలో ఒక గడ్డి పెరుగుతుంది. దాని లోపల ఒక శిలీంధ్రం కాపురం ఉంటుంది. విడివిడిగా అయితే 40 డిగ్రీలు దాటితే రెండూ బతకవు. కలిసి ఉంటే, ప్రయోగంలో రోజూ కొన్ని గంటలు మట్టిని 65 డిగ్రీలకి వేడిచేసినా గడ్డి నిలబడింది. ఇదంతా శిలీంధ్రం చలవే అనుకున్నారు. 2007లో అసలు సంగతి బయటపడింది. శిలీంధ్రంలోని వైరస్‌ని తొలగిస్తే గడ్డి మాడిపోయింది, తిరిగి ఎక్కిస్తే బతికింది. ఆ శిలీంధ్రాన్ని వైరస్‌తో సహా టమాటా మొక్కల్లోకి పంపితే, అవి కూడా వేడిని బాగా ఓర్చుకున్నాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య