మాట తరిగిపోయే జబ్బుకు ఇంటి నుంచే వీడియో థెరపీ: అపోహలు - వాస్తవాలు

పక్షవాతంతో ఒక్కసారిగా మాట పడిపోవడం వేరు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తరిగిపోవడం వేరు. రెండోదాన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా అంటారు. 1982లో మెసులమ్ అనే న్యూరాలజిస్టు దీన్ని విడిగా వర్ణించాడు. 2011 నుంచి మూడు రకాలుగా చూస్తున్నారు: కూడబలుక్కుని మాట్లాడాల్సి వచ్చి వాక్యం విరిగిపోయేది, మాట అర్థమే చెరిగిపోయేది, మాట నోట్లో ఆడుతూ బయటికి రానిది. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఇళ్లలో దీని గురించి వినబడే నమ్మకాలు కొన్ని.

అపోహ: పెద్దవయసు మతిమరుపు, అంతే.

మొదట్లో కొబ్బరి దింపు ఎప్పుడైందో, ఎవరింట్లో పెళ్లో బాగానే గుర్తుంటుంది. చెప్పడానికి మాట దొరకదు. పైగా చాలామందికి 65 ఏళ్ల లోపే మొదలవుతుంది. న్యూరాలజిస్టుకు చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించాకే స్పీచ్ థెరపీ.

అపోహ: తగ్గని జబ్బుకు థెరపీ దండగ.

జబ్బును థెరపీ ఆపదు, ఆపే మందూ ఇంకా లేదు. కానీ సాధన చేసిన మాటలు చేయనివాటి కంటే ఎక్కువకాలం నిలుస్తాయి. కాబట్టి ఏ మాటలు నిలుపుకోవాలో ఎంచుకోవడమే సగం పని. 15-20 మాటలతో మొదలెట్టండి: మనవరాలి పేరు, బీపీ మాత్ర, చెంబు, గొడుగు, పంటు (గోదావరి దాటించే పడవ). బజార్లో కొన్న కార్డుల్లో జీబ్రా ఉంటుంది. గోదావరి లంకలో ఉండే మనిషికి జీబ్రాతో పనేమిటి? మీ ఇంటి వస్తువులనే ఫోటోలు తీయండి. ముఖ్యంగా అర్థం చెరిగే రకంలో, పుస్తకంలోని గిన్నె బొమ్మతో నేర్చిన మాట వంటింట్లో గిన్నె చూస్తే రాకపోవచ్చు. ఒక్కో వస్తువుకు రెండు మూడు ఫోటోలు, ఆపైన అసలు వస్తువు చేతికివ్వండి. రోజుకు 20-30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. వచ్చేసిన మాటల్నీ వారానికోసారి తిరగేయాలి, లేకపోతే జారిపోతాయి.

వాక్యం విరిగే రకానికి పద్ధతి వేరు. హైదరాబాదులో ఉన్న కూతురితో ఫోన్లో చెప్పుకునే నాలుగైదు చిన్న వాక్యాలు రాసుకుని, థెరపిస్టు నోరు దగ్గరగా కనిపించే వీడియోతో గొంతు కలిపి చెప్పాలి. ‘అమ్మాయి వచ్చాడు’ అన్నా మాటమాటకీ దిద్దకండి. సంగతి తెలిసింది కదా!

అపోహ: ‘ఇదేంటో చెప్పండి చూద్దాం’ అని అడుగుతూ ఉండాలి.

అది పరీక్ష, సాధన కాదు. ఊహించి తప్పు చెబితే ఆ తప్పే పాతుకుపోయే ప్రమాదముంది. మాట నోట్లో ఆడేవాళ్లయితే ముందు ఆ వస్తువు దేనికి వాడతారో, ఇంట్లో ఎక్కడుంటుందో చెప్పించండి. తర్వాత మొదటి అక్షరం అందించండి. అప్పటికీ రాకపోతే మాట మొత్తం మీరే చెప్పి, వెంట అనిపించి, రాయించండి. అర్థం చెరిగేవాళ్లకయితే మొదటే మాట చెప్పేయాలి.

అపోహ: పేపరు గడగడా చదువుతున్నారు, అంటే అర్థమవుతున్నట్టే.

ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం, అర్థం తెలియకపోయినా చదివేయొచ్చు. ఇంగ్లీషులో స్పెల్లింగుకూ ఉచ్చారణకూ పొంతన లేని మాటలు చదివించి ఈ లోపాన్ని పసిగడతారు. తెలుగు లిపితో ఆ కిటుకు పనిచేయదు. చదివించి ఊరుకోక, చదివిన వస్తువును చూపించమనండి, దాంతో ఏం చేస్తారో చేసి చూపమనండి.

అపోహ: వీడియోలో చేసేది నామమాత్రం.

సాధనకు కావలసిన సరుకంతా ఇంట్లోనే ఉంది, క్లినిక్ బల్ల మీద లేదు. అయితే అమరిక కుదరాలి. ఫోన్ కన్నా ట్యాబ్ మేలు. కళ్ల ఎత్తులో, చేయిచాపు దూరంలో నిలబెట్టండి. కిటికీ ముఖానికి ఎదురుగా ఉండాలి, వీపు వెనక ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. టీవీ కట్టేయండి, ఫ్యాన్ తగ్గించండి. వీడియో కాల్లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకే గొంతు కలిపే సాధన లైవ్‌లో కుదరదు. ఆ వీడియోలు ముందే వాట్సాప్‌లో తెప్పించి ఫోన్లో దాచుకోండి. తుపాను రోజుల్లో కరెంటు, సిగ్నలు రెండూ పోతాయి కాబట్టి ఫోటోలు కాగితం మీదా ఉండాలి. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోవాలి కానీ తెర చాటు నుంచి జవాబులు అందించకూడదు. థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ: వేలుపెట్టి చూపించి సంగతి చెప్పుకునే బొమ్మల పుస్తకం చేతికిస్తే మాట్లాడటం మానేస్తారు.

మానరు. మాట బాగున్నప్పుడే అలవాటు చేయాలి, తర్వాత కొత్తది నేర్చుకోవడం కష్టం. మాట పోయాక వాడుకోవడానికి గొంతు రికార్డు చేసుకోవడమూ ఇప్పుడే.

వీడియోలో తేలని పని ఒకటుంది. అన్నం తింటే పొలమారుతున్నా, మంచినీళ్లకు దగ్గొస్తున్నా కాకినాడో రాజమండ్రో తీసుకెళ్లి, మింగడం ఎలా ఉందో ఎదురుగా చూపించండి. ఈలోగా నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టండి, తినేటప్పుడు మాట్లాడించకండి.