మైక్రోవేవ్ లింకు: అపోహలు, వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండల మీది టవర్లలో మైక్రోవేవ్ లింకులు, అంటే ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి డేటా మోసే రేడియో దారులు, చూసుకోవడం నా పని. టవర్ కింద ఊరివాళ్లు అడిగేవి కొన్ని, పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు నమ్మేవి కొన్ని. డబ్బు తగలేసేవి మాత్రం రెండోవే.

అపోహ: డోలులాంటి ఆ తెల్ల డిష్షే సిగ్నల్ తయారుచేస్తుంది.
వాస్తవం: మామూలు డిష్‌లో కరెంటుతో నడిచేదేమీ ఉండదు. కింద ఐడీయూ (లోపలి యూనిట్)లోని మోడెమ్ డేటాను ఐఎఫ్ (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) సిగ్నల్‌గా మారుస్తుంది. అది కేబుల్ మీదుగా డిష్ వెనకున్న ఓడీయూ (బయటి యూనిట్) పెట్టెకి ఎక్కుతుంది. అక్కడ లోకల్ ఆసిలేటర్ (స్థిరమైన ఫ్రీక్వెన్సీ పుట్టించేది), మిక్సర్ (రెండు ఫ్రీక్వెన్సీలను కలిపేది) కలిసి దాన్ని 7, 15, 18 గిగాహెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీకి తీసుకెళ్తాయి. పవర్ యాంప్లిఫయర్ బలం పెంచుతుంది. వచ్చే సిగ్నల్ ముందుగా లో నాయిస్ యాంప్లిఫయర్ (రొద పెద్దగా కలపకుండా బలహీన సిగ్నల్‌ని పెంచేది)లోకి, తర్వాత మిక్సర్‌లోకి వెళ్లి, ఐఎఫ్‌గా కిందికి దిగుతుంది.

అపోహ: ఊరి మీదికి రేడియేషన్ కుమ్మరిస్తుంది.
వాస్తవం: ఓడీయూ పంపేది చాలాసార్లు ఒక వాట్ కూడా ఉండదు. 18 గిగాహెర్ట్జ్‌లో 60 సెంటీమీటర్ల డిష్ కిరణం వెడల్పు దాదాపు 2 డిగ్రీలు. అది ఎదుటి టవర్‌కే సూటిగా పోతుంది.

అపోహ: కంపెనీ, బ్యాండ్ ఒకటైతే ఏ ఓడీయూ అయినా పనిచేస్తుంది.
వాస్తవం: జీపు ఎక్కే ముందే ఆగి చూసుకోవాల్సింది ఇదే. ఒకే డిష్ ఒకేసారి పంపుతుంది, అందుకుంటుంది కూడా. 20 డీబీఎం (పవర్ కొలత), అంటే 0.1 వాట్ పంపుతూ, మైనస్ 40 డీబీఎం అందుకుందనుకోండి. వచ్చేది పంపేదానిలో పది లక్షలో వంతు! ఈ రెండూ కలిసిపోకుండా చూసేది డూప్లెక్సర్, అంటే రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలకు కట్టిన ఫిల్టర్ల జత. అందుకే ఒక చివర ‘హై’ (పై ఫ్రీక్వెన్సీలో పంపే) ఓడీయూ, రెండో చివర ‘లో’ (కింది ఫ్రీక్వెన్సీలో పంపే) ఓడీయూ. ‘లో’ సైటుకి ‘హై’ పెట్టె మోసుకెళ్తే పవర్ వస్తుంది, లింకు మాత్రం రాదు. సబ్‌బ్యాండ్ (బ్యాండ్‌లోని చిన్న భాగం) తప్పినా అదే తంతు. లేబుల్ మీద రెండూ రాసే ఉంటాయి, చదివేవాళ్లే తక్కువ.

అపోహ: సిగ్నల్ తగ్గితే పవర్ పెంచితే సరి.
వాస్తవం: యాంప్లిఫయర్‌ని హద్దు దాటిస్తే సిగ్నల్ వంకర తిరిగి తప్పులు పెరుగుతాయి. 256 క్వామ్ లాంటి, ఒక్కో సంకేతంలో ఎక్కువ డేటా ఇరికించే మాడ్యులేషన్లలో రేడియో తనంతట తానే పవర్ తగ్గించుకునేది అందుకే. ముందు కనెక్టర్ విప్పి చూడండి, మన వానాకాలంలో నీళ్లు చేరేది అక్కడే. ఐఎఫ్ కేబుల్ మీదే మైనస్ 48 వోల్టులు కూడా వెళ్తాయి కాబట్టి విప్పే ముందు ఓడీయూ పవర్ ఆపాలి.

అపోహ: సిగ్నల్ దొరికితే అలైన్‌మెంట్ (డిష్‌ని ఎదుటి టవర్‌కి సూటిగా తిప్పడం) అయిపోయినట్టే.
వాస్తవం: దొరికింది సైడ్‌లోబ్ (అసలు కిరణం పక్కనుండే బలహీన కిరణం) కావచ్చు. ప్లాన్‌లో రాసినదానికంటే 20 డీబీ, అంటే వంద రెట్లు, తక్కువ కనిపిస్తే డిష్ ఇంకా తిప్పండి.

అపోహ: వానొస్తే ఏ లింకైనా పోతుంది.
వాస్తవం: 7 గిగాహెర్ట్జ్ మీద వాన ప్రభావం తక్కువ. 15, 18, 23కి వెళ్లేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. జోరు తగ్గగానే లెవెల్ (అందే సిగ్నల్ బలం) తిరిగొస్తే అది వాన పనే. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుఫాను లాంటి గాలికి డిష్ పక్కకి జరిగితే మాత్రం వాన వెలిశాక కూడా లెవెల్ రాదు, టవర్ ఎక్కాల్సిందే.