బొటనవేలితో లోపలికి వెళ్లిన తూటా బయటికి ఎందుకు రాదు?

పోలీసు శాఖలో పనిచేసి, ఇప్పుడు చిత్తూరులో ఉంటున్న మా పెద్ద మేనమామ కిందటి నెల తిరుపతికి వచ్చినప్పుడు నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో కానిస్టేబుళ్ల చేతికి 410 మస్కట్ ఇచ్చేవారు. పాత .303 రైఫిల్‌ను ఒక్కో తూటానే పెట్టి పేల్చేలా మార్చిన తుపాకీ అది. శిక్షణలో ఒకసారి పేలిన తూటా తొడుగు లోపలే ఇరుక్కుపోయిందట. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చి తట్టితే గాని ఊడలేదట. "బొటనేలితో తోస్తే లోపలికి పోయింది, రెండు చేతులతో లాగినా బయటికి ఎందుకు రాలేదు నాయనా?" అన్నారు. భౌతికశాస్త్రం చెప్పేవాడికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

తుపాకీ ఎలా పేలుతుందో చాలామందికి తెలుసు కాబట్టి దాన్ని వదిలేస్తాను. ఇక్కడ మనకు కావలసినవి రెండే: తూటాకు పైనుండే పలుచని ఇత్తడి తొడుగు, తుపాకీ గొట్టం వెనుక చివర అది కూర్చునే మందపాటి ఉక్కు గది. వంటింట్లో ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన గ్లాసులను గుర్తు చేసుకోండి. లోపలిది పలుచని ఇత్తడి గ్లాసు, బయటిది దళసరి ఉక్కు గ్లాసు అనుకుందాం. రెంటికీ నడుమ వెంట్రుక మందం ఖాళీ ఉంది కాబట్టి లోపలిది సులువుగా దిగింది. ఇప్పుడు తూటాలో మందు మండినప్పటిలా, లోపలి గ్లాసులో ఒక్క క్షణం పాటు భయంకరమైన ఒత్తిడి పుట్టిందనుకోండి. ఇత్తడి ఉబ్బి ఉక్కుకు అతుక్కుంటుంది, అక్కడితో ఆగక ఉక్కును కూడా కాస్త వెడల్పు చేస్తుంది. ఒత్తిడి పోగానే రెండూ వెనక్కి తగ్గుతాయి. ఉక్కు తన పాత కొలతకు పూర్తిగా వచ్చేస్తుంది. ఇత్తడి మాత్రం స్థితిస్థాపక అవధిని, అంటే సాగినా మళ్లీ పాత కొలతకు రాగలిగే హద్దును, దాటి సాగింది కాబట్టి కొంతే తగ్గుతుంది. ఉక్కు తగ్గినదానికంటే ఇత్తడి ఎక్కువ తగ్గితే తొడుగు వదులవుతుంది, తక్కువ తగ్గితే ఉక్కు దాన్ని పిడికిలిలో బిగించినట్టు పట్టేస్తుంది.

దీన్ని లెక్కలో చూడాలి. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ రైఫిల్ తూటా మొదలు దగ్గర సుమారు 17 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉండేది. దాని గది గోడ తగినంత మందంగా ఉండి, లోపలి ఒత్తిడి 150 మెగాపాస్కళ్లు (ఇది ఒత్తిడికి కొలమానం, గిగాపాస్కల్ దీనికి వెయ్యి రెట్లు) అనుకుంటే, ఉక్కు గది వ్యాసం దాదాపు 0.025 మిల్లీమీటర్లు పెరిగి మళ్లీ తగ్గుతుంది. ఇత్తడి ఎంత తగ్గుతుందనేది దాని అవధి వద్ద ఉండే ప్రతిబలాన్ని (లోహం లోపల ప్రతి చదరపు కొలతకు పడే బలాన్ని) యంగ్ గుణకంతో (లోహం సాగకుండా ఎంత మొండికేస్తుందో చెప్పే సంఖ్యతో) భాగించి, వ్యాసంతో గుణిస్తే వస్తుంది. ఇత్తడి యంగ్ గుణకం సుమారు 110 గిగాపాస్కళ్లు. కాల్చి మెత్తబరచిన ఇత్తడి 100 మెగాపాస్కళ్ల వద్దే లొంగిపోతుంది కాబట్టి 0.015 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గి, ఉక్కు పట్టులో చిక్కుతుంది. సాగదీసి గట్టిపరచిన ఇత్తడి 400 వరకు ఓర్చుకుంటుంది కాబట్టి 0.06 మిల్లీమీటర్లు తగ్గి, హాయిగా బయటికి వస్తుంది. లోహం ఒకటే, కొలతలు ఒకటే, గట్టిదనం ఒక్కటే తేడా! ఇంటర్మీడియట్‌లో ప్రతిబలం-వికృతి రేఖను (ఎంత బలానికి లోహం ఎంత సాగుతుందో చూపే గీతను) మార్కుల కోసం బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క లెక్క చేయిస్తే, ఆ రేఖ ఎందుకు వంగుతుందో పిల్లలు జన్మలో మరచిపోరు.

ఈ తేడాను చెవితో వినవచ్చు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో ఇత్తడి బిందెల సొట్టలు తీసే ఒక పెద్దాయన దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. సుత్తితో కొట్టేకొద్దీ రేకు గట్టిపడి ఖంగుమని మోగుతుంది. ఇంకా కొడితే చీలుతుందని ఆయన దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడి మాత్రం మెత్తగానే ఉండిపోతుంది. మళ్లీ కొడితే మొద్దు చప్పుడు వస్తుంది. తూటా తొడుగు తయారీలో చేసేదీ ఇదే: మొదలును గట్టిగా ఉంచి, మూతిని మెత్తబరుస్తారు.

అమెరికాలో 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు మొదట రాగి తొడుగులు వాడారు. మెత్తని రాగి ఇత్తడికంటే ముందే లొంగుతుంది, కాబట్టి అది ఇరుక్కోవడంలో వింత లేదు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ వద్ద స్థానిక తెగల చేతిలో అమెరికా సైన్యానికి జరిగిన ఓటమికి ఇదే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే 1980లలో ఆ మైదానంలో జరిగిన తవ్వకాల్లో, బలవంతంగా పెకలించిన గుర్తులున్న తొడుగులు చాలా కొద్దిగానే దొరికాయి. ఓటమి మొత్తాన్ని రాగి మీద మోపడం సరికాదు.

మార్టినీ-హెన్రీ కథ ఇంకా క్లిష్టమైనది. దాని తొలి తూటాలకు పలుచని ఇత్తడి రేకును చుట్టలా చుట్టి, అడుగున ఇనుప బిళ్ల బిగించేవారు. పేలినప్పుడు చుట్ట విప్పుకుని గోడకు అతుక్కునేది. దాన్ని వెనక్కి లాగే కొక్కెం అంచును పట్టి గట్టిగా ఈడిస్తే, ఒక్కోసారి అడుగు ఊడి వచ్చి రేకు లోపలే ఉండిపోయేది. అప్పటి నల్ల తుపాకీమందు మండగా మిగిలే పదార్థంలో సగానికి పైగా ఘనరూపమే కాబట్టి ఆ మసి కూడా తోడయ్యేది. వరుసగా పేల్చినప్పుడు వేడీ కలిసేది: తొడుగు గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 17 మిల్లీమీటర్లకు మరో 0.016 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. పై లెక్కలో ఇది చిన్న సంఖ్య కాదు. 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లియా వద్ద ఈ రైఫిళ్లు ఇరుక్కుపోవడం బ్రిటిష్ సైనికుల ప్రాణాల మీదికి తెచ్చింది. తరువాత ఒకే ముక్క ఇత్తడిని సాగదీసి చేసిన తొడుగులు వచ్చాయి, లాగే బలం పెరిగేలా మీటను పొడుగు చేశారు.

తొడుగు ఆకారం కూడా ముఖ్యమే. స్ప్రింగ్‌ఫీల్డ్ తూటా తొడుగు 53.5 మిల్లీమీటర్ల పొడవులో 12.8 నుంచి 12.2కు మాత్రమే సన్నబడుతుంది. అంటే ఒక మిల్లీమీటరు వెనక్కి కదిపితే వ్యాసంలో దొరికే ఖాళీ 0.011 మిల్లీమీటర్లే. వాలు ఇంకా ఉంటే, గ్లాసు కాస్త కదలగానే మొత్తం వదిలినట్టు, తొడుగూ వెంటనే వదులయ్యేది.

అలాగని ఇత్తడిని ఎంతైనా గట్టిపరచవచ్చునా అంటే, దానికి జవాబు మన దేశంలోనే దొరికింది. బ్రిటిష్ కాలంలో వానాకాలం రాగానే గుర్రపుశాలల్లో నిలవ చేసిన తూటాల తొడుగులు వాటంతట అవే పగిలేవి. అది శాపమో దిష్టో కాదు. గట్టిపరచినప్పుడు ఇత్తడిలో మిగిలిన బిగువు, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానకాలపు తేమ మూడూ కలిసిన ఫలితమది. కారణం 1921లో స్పష్టమైంది. కొద్దిపాటి వేడితో గట్టిదనం పోకుండానే ఆ బిగువును తీసేయవచ్చు.

ఇదంతా చెప్పాక మామకు ఒక ఎదురు ప్రశ్న వేశాను. ఊడివచ్చిన తొడుగు నున్నగా ఉందా అని. కాసేపు ఆలోచించి, వేలితో తడిమితే గరుకుగా, ఆవగింజల్లా బొడిపెలు తగిలాయన్నారు. ఆ తుపాకీలో పేల్చిన తొడుగులన్నిటికీ అదే చోట ఉండేవట. బొడిపె తొడుగు మీద ఉందంటే, దానికి జతగా గది గోడలో తుప్పు తిన్న గుంట ఉన్నట్టే. పేలుడు ఒత్తిడికి ఇత్తడి ఆ గుంటల్లోకి పొంగింది. అటువంటప్పుడు ఎంత వెనక్కి తగ్గినా బొడిపెలు కాస్త నలిగితే గాని తొడుగు కదలదు. కడ్డీతో తట్టినప్పుడు నలిగినవి అవే.