పిల్లలు లేకుండానే కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

"ఇరవై ఆరేళ్లకే ఆపరేషనా? ముందు ఒక్కరినైనా కనమ్మా, తర్వాత చూద్దాం." పిల్లలు వద్దని తేల్చుకుని హైదరాబాద్‌లో ఆసుపత్రి మెట్లెక్కిన యువతులు తరచూ వినే మాట ఇది. యువకులకైతే "ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురా" అంటారు. ఆపరేషన్ కావాలని అడిగేవాళ్లలోనూ వాళ్ల తల్లిదండ్రుల్లోనూ ఉన్న అపోహలు కొన్నైతే, మా తోటి డాక్టర్లలో ఉన్నవి మరికొన్ని.

అపోహ: పిల్లలు లేనివాళ్లకు ఈ ఆపరేషన్ చేయడం చట్టవిరుద్ధం.

వాస్తవం: అలా నిషేధించే చట్టమేదీ పార్లమెంటు చేయలేదు. ఉన్నవి కేంద్ర ఆరోగ్య శాఖ ప్రమాణాలు. 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం స్త్రీ వయసు 22 దాటి 49 లోపు, పురుషుడి వయసు 60 లోపు ఉండాలి, పెళ్లయి ఉండాలి, ఏడాది దాటిన బిడ్డ ఒక్కరైనా ఉండాలి. వైద్య కారణం ఉంటే బిడ్డ నిబంధనకు మినహాయింపు ఉంది. ఇవి కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి పెట్టిన అర్హతలు. అందుకే కోఠి, పేట్లబుర్జు లాంటి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పిల్లలు లేనివాళ్లు అడిగితే విషయం ఫారం దగ్గరే ఆగుతుంది. ప్రైవేటులో అది సర్జన్ చేతిలో, ఆసుపత్రి విధానం చేతిలో ఉంటుంది. రేపు కేసు పడితే ఎదుటి లాయరు ఇవే ప్రమాణాలు చూపిస్తాడన్న భయం డాక్టర్లకు ఉంది, ఉండటంలో తప్పు లేదు. కానీ ఆ భయాన్ని దాచి "చట్టం ఒప్పుకోదు" అని రోగికి చెప్పడం అబద్ధమే. అత్యవసరం కానప్పుడు ఫలానా రోగిని చూడలేనని చెప్పే స్వేచ్ఛ 2002 నాటి వైద్య నైతిక నియమావళి డాక్టరుకు ఇచ్చింది. చేయలేకపోతే "నేను చేయను" అని సూటిగా చెప్పి, చేసేవాళ్ల దగ్గరికి చీటీ రాసి పంపడమే మర్యాద.

అపోహ: భర్త లేదా భార్య సంతకం లేనిదే కత్తి పట్టకూడదు.

వాస్తవం: ఇక్కడ నియమాలే ఒకదానితో ఒకటి పేచీ పడుతున్నాయి, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఆరోగ్య శాఖ ప్రమాణాలు జీవిత భాగస్వామి అంగీకారం అవసరం లేదని స్పష్టంగా చెబుతున్నాయి. 2002 నియమావళి 7.16 నిబంధన మాత్రం సంతాన సామర్థ్యం పోయే ఆపరేషన్‌కు భార్యాభర్తలిద్దరి అంగీకారం కావాలంటుంది. దీనికి తోడు 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు, వైద్య కారణం లేకుండా భాగస్వామికి తెలియకుండా, వాళ్ల సమ్మతి లేకుండా ఇలాంటి ఆపరేషన్ చేయించుకుంటే అది మానసిక క్రూరత్వం కిందికి రావచ్చని అంది. అంటే పెళ్లయినవాళ్లు ఇంట్లో చెప్పకుండా చేయించుకుంటే రేపు విడాకుల కోర్టులో ఆ మాట ఎదురు రావచ్చు. ఈ సంగతి ముందే చెప్పడం డాక్టరు బాధ్యత. ఇంట్లో హింస ఉన్న స్త్రీ విషయంలో "మీ ఆయన్ను పిలవండి" అనడం ఆమెను ప్రమాదంలోకి నెట్టడమేనని కూడా గుర్తుండాలి.

పెళ్లికానివాళ్లకు ఈ చిక్కు లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, సొంతంగా నిర్ణయించుకోగల మనిషి బదులు అమ్మానాన్నలు సంతకం పెట్టినా అది చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పృహలో లేని కూతురి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అపోహ: చిన్న వయసులో చేయించుకున్నవాళ్లంతా తర్వాత ఏడుస్తారు.

వాస్తవం: అందరూ కాదు, కొందరు. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన క్రెస్ట్ అధ్యయనంలో, ముప్పై ఏళ్లు లేదా అంతకంటే చిన్న వయసులో చేయించుకున్నవాళ్లలో 14 ఏళ్లలోపు పశ్చాత్తాపపడినవారు 20.3 శాతం. ముప్పై దాటినవాళ్లలో 5.9 శాతం. ఈ తేడాను దాచకూడదు, అడిగినవాళ్లకు అంకెతో సహా చెప్పాలి. అయితే అక్కడ పశ్చాత్తాపపడినవాళ్లలో ఎక్కువమంది పిల్లల తల్లులే. ఎప్పుడూ పిల్లల్ని కననివాళ్లలో ఆ మాట అన్నవాళ్లు తక్కువ. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2017లో, పిల్లలు వద్దనుకునే యువతులకు అడిగితే ఈ ఆపరేషన్ చేయడం నైతికంగా సమ్మతమేనని, వయసు చూసి వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపకూడదని చెప్పింది. మా అభిప్రాయమూ అదే. వయసు తక్కువైతే ఎక్కువసేపు మాట్లాడాలి, తలుపు మూయకూడదు.

ఆ మాట్లాడటం ఎలా ఉండాలంటే: గదిలో ఆ వ్యక్తి ఒక్కరే ఉండాలి, తోడు వచ్చినవాళ్లు బయట. ఈ ఆలోచన ఎప్పటి నుంచి ఉంది? ఎవరైనా బలవంతపెడుతున్నారా? ఇప్పుడున్న బంధం పోయి మరొకరు వస్తే? అడిగి, జవాబు వాళ్ల మాటల్లోనే కేస్ షీట్‌లో రాయాలి. గర్భాశయంలో అమర్చే కాపర్ టీ పదేళ్లు పనిచేస్తుందని, ఏడాదికి నూటికి ఒకరికంటే తక్కువమందికే గర్భం వస్తుందని, తీసేస్తే సంతాన సామర్థ్యం తిరిగి వస్తుందని చెప్పాలి. విన్నాక కూడా ఆపరేషనే కావాలంటే, ఇంటికి పంపి కొన్ని వారాల తర్వాత రెండోసారి రమ్మనాలి. అంగీకార పత్రం వాళ్లు చదవగలిగిన భాషలో, తెలుగో ఉర్దూనో హిందీనో, ఉండాలి. మత్తు ఇచ్చాక, నొప్పుల మధ్య, అబార్షన్ టేబుల్ మీద తీసుకున్న సంతకం సంతకమే కాదు.

అపోహ: కావాలంటే ముడి విప్పించుకోవచ్చు.

వాస్తవం: శాశ్వతమనుకునే చేయించుకోండి. స్త్రీల ఆపరేషన్‌లో మూసేసే ట్యూబులను (అండం గర్భాశయానికి చేరే దారిని) మళ్లీ కలిపే మైక్రో సర్జరీ ఖరీదైనది, గ్యారంటీ లేనిది, ఆ తర్వాత గర్భాశయం బయట గర్భం నిలిచే ముప్పూ ఉంది. ట్యూబులు పూర్తిగా తీసేసే పద్ధతిలో కలపడానికి ఏమీ మిగలదు, ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) ఒక్కటే దారి. అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందన్నది ఆ పద్ధతికున్న మేలు. వేసెక్టమీ (పురుషుల ఆపరేషన్) తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ తిరిగి కలిపినా ఫలితం తగ్గుతుంది.

అపోహ: వేసెక్టమీతో మగతనం పోతుంది.

వాస్తవం: పోదు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ రక్తంలోకి నేరుగా వెళ్తుంది, కత్తిరించే గొట్టంతో దానికి సంబంధం లేదు.

అపోహ: ఆపరేషన్ అయిన రోజు నుంచే నిశ్చింత.

వాస్తవం: అలా కాదు, ఇక్కడ ఏమరితే గర్భం రావచ్చు. వేసెక్టమీ అయ్యాక గొట్టంలో మిగిలిన వీర్యకణాలు పోవడానికి సమయం పడుతుంది. మూడు నెలలకు వీర్య పరీక్ష చేయించుకుని, కణాలు లేవని రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడాల్సిందే. చాలామంది ఈ పరీక్షకు రారు. స్త్రీలకైతే నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు చేయడం మేలు, లేదంటే అప్పటికే నిలిచిన గర్భం బయటపడకపోవచ్చు. ఆపరేషన్ రోజు ప్రెగ్నెన్సీ పరీక్ష ఎలాగూ చేయాలి. ఆ తర్వాత ఎప్పుడైనా నెల తప్పితే ఆలస్యం చేయకుండా రండి, ట్యూబులో గర్భం పగిలితే ప్రాణానికే ముప్పు.

అపోహ: ఇది చిన్న ఆపరేషన్, ఎక్కడ చేసినా ఒకటే.

వాస్తవం: 2022 ఆగస్టులో మన పక్కనే ఇబ్రహీంపట్నంలో పెట్టిన క్యాంపులో ఒకే రోజు 34 మందికి ల్యాపరోస్కోపీ ఆపరేషన్లు చేశాక నలుగురు తల్లులు చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. పిల్లలున్న పేద స్త్రీని వరసలో పడుకోబెట్టడం, పిల్లలు వద్దన్న యువతిని గుమ్మంలోనే తిప్పి పంపడం రెండూ ఒకే తప్పు. రెండు చోట్లా ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. ఎక్కడ చేయించుకున్నా ఆ రోజు ఎన్ని కేసులున్నాయో, మత్తు డాక్టరు ఎవరో, పరికరాలు ప్రతి కేసుకూ స్టెరిలైజ్ చేస్తారో లేదో అడగండి. ఖర్చు ముందే తెలుసుకోండి, ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా ఈ ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వవు. అంగీకార పత్రం, ఆపరేషన్ నోట్స్ కాపీలు తీసుకుని దాచుకోండి. ట్యూబులు కట్టారో, రింగ్ వేశారో, పూర్తిగా తీశారో అందులో రాసి ఉందో లేదో డిశ్చార్జి ముందే చూసుకోండి.