వీఎం బూట్ అవ్వకపోతే ముందు డిస్క్‌ని అనుమానించకండి: బయోస్, యూఈఎఫ్ఐల వెనక కథ

వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ మెషీన్, ఆన్ చేస్తాం. ఓఎస్ లోగో రావాల్సిన చోట నల్లటి స్క్రీన్, దాని మీద 'యూఈఎఫ్ఐ ఇంటరాక్టివ్ షెల్' అని ఒక లైను, కింద బీఎల్‌కే0, బీఎల్‌కే1 అంటూ ఏవో పేర్లు, 5 సెకన్ల కౌంట్‌డౌన్, ఆ తర్వాత 'షెల్' అనే పదం పక్కన ఆగిపోయిన కర్సర్. నిన్నటిదాకా బాగా నడిచిన డిస్కే అది. డేటా మొత్తం పోయిందన్న టెన్షన్‌లో కొందరు మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టేస్తారు, ఇంకొందరు రిపేర్ టూల్స్ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిపి బాగున్న డిస్క్‌ని నిజంగానే పాడుచేసుకుంటారు. చాలాసార్లు డిస్క్‌లో ఒక్క బైటు కూడా చెడిపోయి ఉండదు. వీఎం సెట్టింగ్స్‌లో బయోస్ ఉండాల్సిన చోట యూఈఎఫ్ఐ ఉంది, లేదా అటుది ఇటు అయింది, అంతే. ఈ రెండూ మెషీన్ ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపే ఫర్మ్‌వేర్‌లే, బయోస్ పాత రకం, యూఈఎఫ్ఐ కొత్త రకం.

ఒక్క టిక్ మారితే ఓఎస్ మొత్తం కనిపించకుండా పోవడం ఏంటో అర్థం కావాలంటే 1981 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. బయోస్ అనే పేరు అంతకుముందే గ్యారీ కిల్డాల్ తయారుచేసిన సీపీ/ఎంలో ఉంది కానీ, మనం ఈరోజు 'లెగసీ' అంటున్నది మాత్రం ఐబీఎం పీసీ వారసత్వమే. దాని ప్రాసెసర్ 8088, అది చూడగలిగిన మెమరీ మొత్తం కలిపి 1 ఎంబీ. అంత చిన్న మెషీన్‌కి తగ్గట్టే బయోస్ పని కూడా చాలా చిన్నది. డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్‌ని, అంటే 512 బైట్లని, మెమరీలో 7సీ00 అనే అడ్రస్‌లోకి తెచ్చిపెట్టడం, చివర 55, ఏఏ అనే రెండు బైట్ల గుర్తు కనిపిస్తే పగ్గాలు దాని చేతికి ఇచ్చేయడం. ఫైల్ అంటే ఏంటో, ఫోల్డర్ అంటే ఏంటో బయోస్‌కి తెలియదు. 1983లో హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ, దానితోపాటు డాస్ 2.0 వచ్చినప్పుడు పార్టిషన్ల పట్టికని కూడా అదే సెక్టార్‌లో ఇరికించారు. దాన్నే మనం ఎంబీఆర్ అంటాం: కోడ్‌కి 446 బైట్లు, నాలుగు పార్టిషన్లకి 64, గుర్తుకి 2. అంత ఇరుకులో బూట్ కోడ్ రాశారు. సెక్టార్ల లెక్కకి ఇచ్చింది 32 బిట్లే, అందుకే మామూలు 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో 2 టీబీ దాటిన భాగాన్ని ఎంబీఆర్ చెప్పలేదు.

1990ల చివర్లో ఇంటెల్, హెచ్‌పీ కలిసి ఐటానియం అనే సర్వర్ ప్రాసెసర్ మీద పనిచేస్తున్నప్పుడు బయోస్‌ది అయిన ఈ 16 బిట్ల పద్ధతిని అక్కడ వాడడం కుదరదని తేలిపోయింది. 1998లో ఇంటెల్ బూట్ ఇనిషియేటివ్ అని మొదలైనది తర్వాత ఈఎఫ్ఐ అయింది, 2005లో యూఈఎఫ్ఐ ఫోరం ఏర్పడి పలు కంపెనీల ఉమ్మడి ప్రమాణంగా మారింది. ఇది మొదటి సెక్టార్‌లోని కోడ్‌ని అసలు నడపదు. డిస్క్‌లో ఫ్యాట్ ఫార్మాట్‌లో ఒక చిన్న ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ ఉండాలి, అందులో బూట్‌లోడర్ (ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) మామూలు ఫైల్‌లా ఉండాలి, 'ఫలానా పార్టిషన్‌లో ఫలానా ఫైల్ నడుపు' అనే ఎంట్రీ మదర్‌బోర్డు మీదున్న ఎన్‌వీర్యామ్‌లో (పవర్ తీసేసినా చెరగని చిన్న మెమరీలో) రాసి ఉండాలి. ఎంట్రీ లేకపోతే ఆఖరి ప్రయత్నంగా ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ ఫోల్డర్, దానిలో బూట్‌ఎక్స్64 అనే ఫైల్ కోసం చూస్తుంది. అదీ దొరక్కపోతే ఇక చేతులెత్తేసినట్టే.

అంటే ఒకదానికి సెక్టార్ తప్ప ఫైల్ తెలియదు, రెండోది ఫైల్ కోసం తప్ప సెక్టార్ వైపు చూడదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. భౌతిక మెషీన్లలో ఆ పని చేసింది సీఎస్ఎం అనే భాగం, యూఈఎఫ్ఐ లోపలే ఉండి పాత బయోస్‌లా నడుచుకునేది. యూఎస్‌బీ పెట్టి బూట్ మెనూ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించడం చాలామంది చూసే ఉంటారు, ఒకటి ఉత్త పేరుతో, ఇంకొకటి ముందు యూఈఎఫ్ఐ అని తగిలించుకుని. ఆ రెంటిలో ఏది నొక్కామన్నదే ఇన్‌స్టాలర్ డిస్క్‌ని ఎలా విభజిస్తుందో, బూట్‌లోడర్ ఎక్కడ పెడుతుందో తేల్చేసేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సీఎస్ఎం ఎలాగూ ఏదో ఒకటి బూట్ చేసేది కాబట్టి తేడా తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. నా దృష్టిలో ఈ గందరగోళానికి అసలు మూలం ఇదే. సాయం చేసిందనుకున్న భాగమే కొన్ని సంవత్సరాలపాటు సమస్యని కప్పిపెట్టింది.

వర్చువల్ మెషీన్ల దగ్గరికొస్తే ఆ కప్పు ఉండదు. వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్లలో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 1999లో, క్యూఈఎంయూ 2003లో వచ్చాయి, అప్పటికి పీసీ అంటే బయోసే, కాబట్టి అవి గెస్ట్‌కి (లోపల నడిచే మెషీన్‌కి) ఇచ్చింది కూడా బయోసే. యూఈఎఫ్ఐ తర్వాత విడిగా చేరింది. వర్చువల్‌బాక్స్‌లో 2009లో 3.1తో ప్రయోగాత్మకంగా, వీఎంవేర్ వీస్పియర్‌లో 2011లో 5.0తో, హైపర్-వీలో 2013లో జనరేషన్ 2 పేరుతో, క్యూఈఎంయూకి ఓవీఎంఎఫ్ అనే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ రూపంలో. సాధారణంగా వీటిలో సీఎస్ఎం ఉండదు, రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. పైగా ఒక్కోచోట ఒక్కో పేరు: వర్చువల్‌బాక్స్‌లో 'ఎనేబుల్ ఈఎఫ్ఐ' అనే టిక్, వీఎంవేర్‌లో ఫర్మ్‌వేర్ టైప్, ప్రాక్స్‌మాక్స్‌లో సీబయోస్ (అంటే బయోస్) లేదా ఓవీఎంఎఫ్, హైపర్-వీలో జనరేషన్ 1 లేదా 2. వీఎం తయారుచేశాక జనరేషన్ మార్చనివ్వదని హైపర్-వీని చాలామంది విసుక్కుంటారు గానీ, నాకు అదే నిజాయితీగా అనిపిస్తుంది. బూట్ మోడ్ అనేది ఇన్‌స్టాల్ చేసిన రోజున డిస్క్‌కీ ఫర్మ్‌వేర్‌కీ కుదిరిన ఒప్పందం, దాన్ని ఒక వైపునుంచే మార్చే వీలు ఇవ్వకపోవడమే మేలు.

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే తనిఖీ), 2021లో విండోస్ 11 వచ్చాక కొత్త వీఎంలు ఎక్కువగా యూఈఎఫ్ఐతోనే తయారవుతున్నాయి, కొన్నిచోట్ల గెస్ట్ ఓఎస్ పేరు ఎంచుకోగానే ఫర్మ్‌వేర్ కూడా దానంతటదే మారిపోతుంది. అలాంటి కొత్త వీఎంకి పాత బయోస్ డిస్క్ తగిలిస్తే మొదట్లో చెప్పిన షెల్ దగ్గర ఆగుతుంది. ఉల్టాగా చేస్తే సీబయోస్ 'బూటింగ్ ఫ్రమ్ హార్డ్ డిస్క్' అని కదలకుండా ఉండిపోవచ్చు, లేదా బూట్ చేయడానికి ఏమీ లేదనేస్తుంది.

మోడ్ సరిగ్గానే ఉండి కూడా షెల్‌లో పడే సందర్భం ఒకటుంది, అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది ఇదే. వీఎంలో ఎన్‌వీర్యామ్ అంటే హోస్ట్ (వీఎంని నడిపే అసలు మెషీన్) మీద ఇంకో చిన్న ఫైల్. ఓవీఎంఎఫ్‌లో కోడ్ ఒక ఫైల్, వేరియబుల్స్ మరో ఫైల్. వీఎంని వేరే హోస్ట్‌కి తరలించేటప్పుడు డిస్క్ ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే బూట్ ఎంట్రీలు పాత చోటే ఉండిపోతాయి. డిస్క్‌లో బూట్‌ఎక్స్64 ఫైల్ ఉంటే గట్టెక్కుతుంది, లేకపోతే షెల్ వస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో 2019 చివర్లో 6.1 వచ్చేదాకా వీఎం ఆపేస్తే ఈ ఎంట్రీలు నిలిచేవి కాదు, అందుకే అప్పట్లో చాలామంది షెల్ దానంతటదే నడిపే స్టార్టప్ అనే స్క్రిప్ట్ ఒకటి రాసి పెట్టుకునేవాళ్లు. షెల్‌లో పడ్డప్పుడు పైన ఎఫ్ఎస్0 అనే పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే ఫర్మ్‌వేర్ చదవగలిగిన ఫ్యాట్ పార్టిషన్ ఒకటి ఉన్నట్టే (అది డిస్క్‌దే అయి ఉండాలి, ఇన్‌స్టాలర్ ఐఎస్ఓ తగిలించి ఉంటే తీసేయండి). ఎఫ్ఎస్0 అని టైప్ చేసి కోలన్ పెట్టి, లోపలికి వెళ్లి, ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో ఓఎస్ పేరున్న ఫోల్డర్ వెతికి, బూట్‌లోడర్ ఫైల్ పేరు కొడితే చాలాసార్లు ఓఎస్ లేచి కూర్చుంటుంది. లోపలికి వెళ్లాక ఎంట్రీ మళ్లీ రాసుకోవచ్చు. బీఎల్‌కేలు తప్ప ఎఫ్ఎస్ ఏదీ లేకపోతే అది బయోస్ డిస్క్ అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంకా అనుమానం ఉంటే వీఎం ఆపేసి, డిస్క్‌ని నడుస్తున్న ఇంకో వీఎంకి రెండో డిస్క్‌గా తగిలించి పార్టిషన్లు చూడండి. జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త రకం పార్టిషన్ల పట్టిక), ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ ఉంటే యూఈఎఫ్ఐ. ఎంబీఆర్, దానిలో యాక్టివ్ పార్టిషన్ ఉంటే బయోస్. జీపీటీ కనిపించిందని తొందరపడకండి, లైనక్స్‌లో జీపీటీ డిస్క్ మీద 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ పెట్టి బయోస్‌తో నడిపేవాళ్లూ ఉన్నారు. బూట్ అవుతున్న విండోస్‌లో అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ అని ఎదురుగానే ఉంటుంది.

నిజంగా బయోస్ నుంచి యూఈఎఫ్ఐకి మారాలంటే ముందు డిస్క్ మారాలి, ఆ తర్వాతే సెట్టింగ్. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్‌ని జీపీటీగా మార్చే టూల్ వస్తోంది. ముందు స్నాప్‌షాట్ తీసుకుని, దానిలోనే ఉన్న వ్యాలిడేట్ ఆప్షన్‌తో పరీక్షించి, అది సరేనన్నాకే మార్చండి. హైపర్-వీలో అయితే మార్చిన డిస్క్‌తో కొత్తగా జనరేషన్ 2 వీఎం చేసుకోవాలి. అక్కడ లైనక్స్ బూట్ అవ్వకపోతే సెక్యూర్ బూట్ టెంప్లేట్ విండోస్‌ది పెట్టి ఉందేమో చూడండి. ఇక విండోస్ లోగో దాకా వచ్చి, 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని బ్లూ స్క్రీన్ పడితే మాత్రం బూట్ మోడ్ జోలికి వెళ్లకండి. బూట్‌లోడర్ నడిచింది కాబట్టే అంతదూరం వచ్చింది. అప్పుడు చూడాల్సింది డిస్క్ కంట్రోలర్ (డిస్క్‌ని మెషీన్‌కి కలిపే భాగం) ఐడీఈ నుంచి సాటాకో, స్కజీకో, విర్ట్‌ఐఓకో మారిందా అని.