వంటగట్టు కింద రెండడుగుల చోటు

ఒంగోలులో మా అక్క వాళ్ళ వంటగట్టు పాతికేళ్ళ నాటిది. పైన చీమకుర్తి నల్లరాయి, దాని కింద పరుపుగా కడప బండ, ఆ బండను మోస్తూ అడుగున్నరకు ఒకటి చొప్పున నిలబెట్టిన కడప రాతి పలకలు. పలకల మధ్య చెక్క తలుపులు బిగించిన అరలు. కిందటి వేసవిలో అక్కడ గిన్నెలు కడిగే యంత్రం అమర్చాలనుకున్నారు. వడ్రంగి వచ్చి చూసి, "మధ్య రాయి తీసేస్తే సరిపోతుందమ్మా" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆయన అడ్డుగోడ అనుకున్న ఆ రాయి గట్టును మోస్తున్న కాలు.

రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగదీతను ఓర్చుకోదు. గ్రానైటు పలక వంపును తట్టుకునే బలం, నొక్కుడును తట్టుకునే బలంలో సుమారు పదో వంతే. చీమకుర్తి రాయిని మనం గ్రానైటు అంటున్నా భూగర్భ శాస్త్రం దాన్ని గాబ్రో కుటుంబంలో చేరుస్తుంది. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. ఏ పేరుతో పిలిచినా ఈ బలహీనత మాత్రం దానికీ ఉంది. రెండు కాళ్ళ మీద పరిచిన పలకపై గ్రైండరు పెట్టామనుకోండి. పలక కంటికి కనిపించనంతగా వంగుతుంది. పైముఖం నొక్కుకుపోతుంది, అడుగుముఖం సాగుతుంది. పగులు పుట్టేది ఆ అడుగున, మనం వంగి చూడని చోట. కాళ్ళ మధ్య దూరం రెట్టింపైతే పలక మోయాల్సిన సొంత బరువు రెట్టింపవుతుంది, ఆ బరువు వంచే దూరమూ రెట్టింపవుతుంది. రెండు రెళ్ళు నాలుగు. అంటే రాయిలో ఒత్తిడి నాలుగింతలు.

మధ్య రాయి తీసేస్తే 45 సెంటీమీటర్ల ఎడం 90 అవుతుంది. యంత్రానికి కావలసింది 60 మాత్రమే. అందుకే ముందు 60 దగ్గర కొత్త పలక నిలబెట్టించి, ఆ తరువాతే పాతదాన్ని తీయించాం. ఇలా చేస్తే ఒత్తిడి రెండింతలకు లోపే ఉంటుంది. ముందు అంచు కింద ఇనుప యాంగిల్ కూడా వేయించాం. రాయి ఓర్చుకోలేని సాగదీతను ఇనుము ఓర్చుకుంటుంది. మిగిలిన అడుగు చోటులో ఇప్పుడు నూనె సీసాలు ఉన్నాయి.

ఎత్తు ఇంకా చిక్కు పెట్టింది. గట్టు 33 అంగుళాలు, అంటే దాదాపు 84 సెంటీమీటర్లు. పై రాయికి, పరుపు బండకు 5 పోతే మిగిలింది 79. గట్టు కింద బిగించే యంత్రాలు కాళ్ళు పూర్తిగా దించినా సాధారణంగా 82 అడుగుతాయి. నేల తవ్వేద్దామని మేస్త్రి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎప్పుడైనా నీళ్ళు కారితే ఆ గుంటలోనే నిలుస్తాయి, మరమ్మతు వస్తే యంత్రాన్ని బయటికి లాగడమూ కష్టం. చివరికి ఆ భాగం వరకు పరుపు బండ తీసేసి, కొత్త రాయిని రెండు అంగుళాలు పైకి లేపి వేశారు. రాతికి మరలు దిగవు కనుక యంత్రాన్ని పక్క పలకలకు ఆనించి అమర్చిన ప్లైవుడ్‌కు బిగించారు. ఇది తప్పనిసరి. తలుపు తెరిచి గిన్నెలతో నిండిన అరను బయటికి లాగితే బరువంతా ముందుకు వస్తుంది, బిగించని యంత్రం ముందుకు ఒరుగుతుంది.

ఆవిరితో రాతికి భయం లేదు, పక్క అరల చెక్కకే ఉంది. చెక్క పొట్టును జిగురుతో ఒత్తి చేసిన పార్టికల్ బోర్డు తడి తగిలితే ఉబ్బుతుంది, ఎండినా మునుపటి మందానికి రాదు. ఒంగోలు గాలి ముందే తడిగా ఉంటుంది, అందులో కలిసిన ఆవిరి త్వరగా ఆరదు. నీటిని తట్టుకునే ప్లైవుడ్ వాడి, కోసిన అంచులన్నిటికీ సీలెంటు పూయించాం. కోసిన అంచే నీటికి వాకిలి.

నీళ్ళు బయటికి పోయే గొట్టాన్ని సింకు కింద పైకెత్తి వంచి కట్టాలి, లేకపోతే సింకులోని మురికినీరు యంత్రంలోకి వెనక్కి వస్తుంది. ప్లగ్గు 16 ఆంపియర్లది, పక్క అరలో చేతికందేలా ఉండాలి.

ఇక మా బోరు నీరు. కాగితపు పట్టీతో పరీక్షిస్తే కాఠిన్యం బాగా ఎక్కువని తేలింది. ఇలాంటి నీటిని వేడి చేస్తే కరిగి ఉన్న కాల్షియం సున్నపు పొరై హీటరుకు, గాజు గ్లాసులకు అంటుకుంటుంది. దీన్ని ఆపడానికి చాలా యంత్రాల్లో రెజిన్ పూసలు ఉంటాయి. అవి తమలోని సోడియాన్ని వదిలి కాల్షియాన్ని పట్టుకుంటాయి. పూసలు నిండాక చిక్కటి ఉప్పునీరు పారించి వాటిని మళ్ళీ సిద్ధం చేస్తుంది యంత్రం. "చినగంజాం కల్లుప్పు ఉంది కదా, అదే పోద్దాం" అంది అక్క. వద్దన్నాను. సముద్రపు ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి. ఏ భారాన్ని దించుకోవడానికి ఉప్పు పోస్తున్నామో, పూసల మీద మళ్ళీ ఆ భారమే పడుతుంది. అందుకే శుద్ధి చేసిన యంత్రపు ఉప్పు కొన్నారు. కల్లుప్పు ఆవకాయ జాడీలోకే వెళ్ళింది.