సంతకం ఎవరిది? గర్భం, కౌన్సెలింగ్: అపోహలు - వాస్తవాలు

తార్నాకలో నా గదికి వచ్చే ఆడవాళ్ళు చాలామంది ముందు నిద్ర పట్టడం లేదనో, తలనొప్పనో మొదలుపెడతారు. నెల తప్పిన సంగతి, దాని మీద ఇంట్లో నడుస్తున్న పంచాయితీ ఆ తర్వాతే బయటికి వస్తాయి. కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా నేను పదే పదే వినే మాటలకు జవాబులు ఇవి. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అపోహ: అబార్షన్‌కు భర్త సంతకం ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. అబార్షన్‌ల గురించిన 1971 నాటి ఎంటీపీ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన స్త్రీ అంగీకారం ఒక్కటే చాలు. మైనర్లకు, చట్టం మానసిక రోగులుగా చెప్పినవారికి మాత్రమే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. ఒకామె ఆసుపత్రి ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బస్ పాస్ కవర్‌లో దాచుకుని వచ్చింది. అందులో 'భర్త సంతకం' అన్న చోట ఖాళీ. తన సంతకం ఎప్పుడో పెట్టేసింది. చట్టం పెట్టిన అంగీకార పత్రం, ఫారం-సి తీసి చూపించాను. అందులో భర్త సంతకానికి గీతే లేదు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది.

అపోహ: పెళ్ళి కానివాళ్ళకు ఈ చట్టం వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 2021 సవరణ తర్వాత కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. పెళ్ళి కాలేదని ఆ వీలు కాదనడం వివక్ష అని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తేల్చింది. డాక్టరు ఒప్పుకోవాలన్న షరతు మాత్రం ఇంకా ఉంది. అది కూడా పోవాలనే నేను కోరుకుంటాను.

అపోహ: కౌన్సెలర్ పని నచ్చజెప్పడం.

వాస్తవం: అన్నిటికన్నా గట్టిగా నేను కాదనేది దీన్నే. "జర మీరన్నా చెప్పండి మేడం" అంటూ కుటుంబాలు అమ్మాయిని తెచ్చి కూర్చోబెడతాయి. ఈమధ్య ఒక కోడలిని "ఎన్నో నెల?" అని అడిగితే, "మూడో నెల" అని అత్తగారు చెప్పారు. "నిద్ర పడుతోందా?" అంటే, "మంచిగనే పడుకుంటది" అన్నారు. ఆ పిల్ల కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. పెద్దావిడను బయట కూర్చోమని వేడుకున్నాను. తలుపు వేశాక చాలాసేపు మాట లేదు. నేనూ తొందరపెట్టలేదు. చివరికి, "పెద్దది ఇంకా చంకలనే ఉంది, ఇప్పుడే ఎందుకు, తీయించుకో అంటున్నరు. నాకు ఈ బిడ్డ కావాలె మేడం" అంది.

స్వేచ్ఛ అంటే అబార్షన్ వైపు నెట్టడం అనుకునేవాళ్ళకు ఈ అమ్మాయి గురించే చెబుతాను. వద్దనుకునే ఆమె పక్కన ఎలా నిలబడతానో, కావాలనుకునే ఆమె పక్కనా అలాగే నిలబడతాను. 2009లో చండీగఢ్ కేసులో, మేధో వైకల్యం ఉన్న ఒక యువతి తన గర్భాన్ని ఉంచుకుంటానంటే సుప్రీంకోర్టు ఆమె మాటే నిలబెట్టింది. బిడ్డను కనాలా వద్దా అన్న ఎంపిక 21వ అధికరణం ఇచ్చే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పింది. గర్భనిరోధక మాత్రలు దాచేయడం, "కు.ని. ఆపరేషన్ చేయించుకోకపోతే పుట్టింటికి పో" అనడం, ఏడాది తిరక్కుండానే "ఏమైనా విశేషమా?" అని వేధించడం, ఇవన్నీ బలవంతాలే. సెషన్‌లో వాటిని ఆ పేరుతోనే పిలవాలి.

అపోహ: ఉసురు తగులుతుంది, జీవితాంతం కుమిలిపోతారు.

వాస్తవం: 'పోస్ట్ అబార్షన్ సిండ్రోమ్' అనే జబ్బు, డాక్టర్లు జబ్బులను గుర్తించడానికి వాడే జాబితాలైన డీఎస్‌ఎంలోనూ లేదు, ఐసీడీలోనూ లేదు. అమెరికాలో అయిదేళ్ళపాటు సాగిన టర్న్‌అవే అధ్యయనంలో అబార్షన్ చేయించుకున్నవారిలో 95 శాతానికి పైగా తమ నిర్ణయం సరైనదేనన్నారు. దుఃఖం రాదని కాదు. ఒకే రోజు ఏడుపూ వస్తుంది, గుండె మీద బరువు దిగినట్టూ ఉంటుంది. రెండిటికీ చోటివ్వాలి. ముందునుంచే డిప్రెషన్ ఉన్నవారిని మరింత దగ్గరగా చూసుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళను ఎక్కువగా నలిపేస్తున్నది ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం, ఉసురన్న మాట పెట్టే భయం.

అపోహ: కౌన్సెలర్‌కు చెబితే ఇంట్లో తెలిసిపోతుంది.

వాస్తవం: చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అబార్షన్ చేయించుకున్న స్త్రీ పేరును డాక్టరు బయటపెడితే ఎంటీపీ చట్టం కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. మినహాయింపులున్నాయి. ప్రాణానికి ముప్పు ఉంటే నేను ఊరుకోలేను. 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారం ఇవ్వాలి. ఈ సంగతి మొదటి రోజే, వాళ్ళు నోరు విప్పకముందే చెప్పేస్తాను.

ఇంకో పని కూడా చేస్తాను. ఈ నంబరుకు మెసేజ్ పెట్టవచ్చా, ఈ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది అని అడుగుతాను. బస్ పాస్ కవర్‌తో వచ్చినామె కాసేపు ఆలోచించి ఒక దారి చెప్పింది. అలాగే పంపాను: "బ్లౌజు రెడీ అయింది, గురువారం నాలుగింటికి రండి."